తొమ్మిదో పని: టీ తాగాలి

మదార్ సాహెబ్ ఇంట్లో బట్టల సబ్బు సబ్బులా అరిగిన రోజు లేదు. భవానీపురంలో మిగతా ఇళ్లల్లో సబ్బు బిళ్ల మొదట ఇటుకలా ఉండి, నాలుగు ఉతుకులకి పలచబడి, చివరికి తమలపాకంత అయి కొత్త బిళ్లకి అతుక్కుని పోతుంది. ఆ ఇంట్లో మాత్రం సబ్బు కొన్న మర్నాటికే దాని నడుమ బెజ్జం పడుతుంది. ఇంకో పూటకి అంచున పళ్లు మొలుస్తాయి. మదార్ సాహెబ్ భార్య వజీరా బట్టలు నానబెట్టి సబ్బు కోసం చెయ్యి చాస్తే ఒకరోజు గిలక దొరుకుతుంది, ఇంకోరోజు గేరు.

"ఇదిగో వింటున్నారా, దుప్పటి ఇవాళ పంపు చక్రంతో ఉతికాను. రేపు మీ చొక్కాకి ఏం చెక్కిపెట్టారు?" అని ఆమె దండెం దగ్గర నుంచి కేకేస్తుంది.

"గేరుంది చూడు. పళ్లున్న వైపు రుద్దు, కాలరు మురికి బాగా పోతుంది" అని ఆయన లోపల్నుంచే జవాబిస్తాడు.

వీధిలో కొత్తగా అద్దెకు దిగినవాళ్లు ఇదేదో పిచ్చి అనుకునేవారు. పిచ్చి కాదు, పని. మదార్ సాహెబ్ ఆటోనగర్‌లో ఇశ్రాయేలు గారి వర్క్‌షాపులో ముప్ఫై నాలుగేళ్లుగా లేతు మీద ఉన్నాడు. ఇనుప ముక్కని చక్ అనే మూడు దవడల పట్టులో బిగించి, గిరగిరా తిప్పుతూ, పదునైన పనిముట్టు ఆనించి చెక్కే యంత్రం అది. ఏ కొత్త వస్తువు చెయ్యమని వచ్చినా ఆయన దాన్ని ముందు ఇంట్లో సబ్బు మీద చాకుతో చేసి చూసుకుంటాడు. చూసుకునేది వస్తువు రూపాన్ని కాదు, కోతల వరసని.

గుత్తివంకాయ కూరకి కాయని నాలుగు పక్షాలుగా చీరేటప్పుడు తొడిమ జోలికి ఎవరూ పోరు. తొడిమ తీసేశారో, నాలుగు ముక్కలు నాలుగు దారులు. ఇనుమైనా అంతే. ఒక్కో కోత పడే కొద్దీ వస్తువు తయారవుతూ వస్తుంది, దాన్ని పట్టుకునే చోటు తరిగిపోతూ వస్తుంది. ఏ వైపు ముందు చెక్కాలి, చెక్కాక ఎక్కడ పట్టుకోవాలి, బెజ్జం ఎప్పుడు పెట్టాలి, ఏ అంచు ఆఖరిదాకా ముట్టుకోకూడదు అన్నవి ముందే తేల్చుకోకపోతే, సగం పనయ్యాక ముక్కని చేతిలో పట్టుకుని బిక్కమొహం వెయ్యాలి. ఇనుము పాడైతే మళ్లీ కొనాలి. సబ్బు పాడైతే వజీరా ఉతుక్కుంటుంది.

ఆయన లెక్క ఎప్పుడూ తప్పలేదు. తప్పింది కాళ్లు. ముప్ఫై నాలుగేళ్లు లేతు ముందు నిలబడితే పిక్కల మీద నరాలు తాళ్లు పేనినట్టు లేచాయి. సాయంత్రం సిటీ బస్సు దిగి ఇంటిదాకా నడిచే నాలుగడుగులకి రెండుసార్లు గోడ పట్టుకుంటున్నాడు. డాక్టరు చూసి, "ఇక నిలబడే పని మానెయ్యండి" అన్నాడు.

"టర్నర్‌కి నిలబడకుండా పనేముందండీ?" అన్నాడు మదార్ సాహెబ్.

"అది నాకు తెలీదు. మీ కాళ్లకి మాత్రం కూర్చునే పనే కావాలి."

ఆ మాట పట్టుకుని వజీరా ఆయన్ని వదల్లేదు. ఇశ్రాయేలు గారికి చెప్పేదాకా ఊరుకోలేదు. ఇశ్రాయేలు గారు మదార్ సాహెబ్ కంటే పదేళ్లు పెద్ద. ఆదివారం చర్చిలో కానుకల పళ్లెం పట్టుకునే మనిషి. మిగతా ఆరు రోజులూ చేతికి నల్లటి గ్రీజు వదలదు.

"మంచి టైంలోనే చెప్పావు మదారూ," అన్నారాయన. "పంపుల కంపెనీ ఒకటి మనకి పని ఇస్తానంటోంది. కానీ ప్రతి వస్తువుకీ ముందు కాగితం రాసివ్వాలంట. మొదట ఏం చెయ్యాలి, తర్వాత ఏం చెయ్యాలి, ఎక్కడ పట్టుకోవాలి, అన్నీ. ప్రాసెస్ షీటు అంటారు. దానికి హైదరాబాద్ నుంచి ఒకతన్ని పిలుద్దామనుకుంటున్నాను. నువ్వు రాయగలిగితే పిలవను. కుర్చీ వేస్తాను, టేబుల్ వేస్తాను, నువ్వే ప్లానింగు."

"నేను సబ్బు మీద చేసేది కాగితం మీద చెయ్యాలి. అంతే కదండీ?"

"అంతే. ఇదేమన్నా కొత్త విద్యా? దేవుడు కూడా ఆరు రోజుల పని వరసగానే చేశాడు. ముందు వెలుగు, తర్వాత నేల. మనిషిని మొదటిరోజే చేసుంటే ఎక్కడ నిలబెడతాడు?"

"ఏడో రోజు కూర్చున్నాడు కూడాను," అన్నాడు మదార్ సాహెబ్, కాళ్లు చూసుకుంటూ.

అయితే కంపెనీది ఒక షరతు ఉంది. శనివారం వాళ్ల మనిషి వచ్చి చూస్తుంది. షీటు రాసినవాడు ఆ రోజు యంత్రం ముట్టుకోకూడదు, నోరు విప్పకూడదు. ఇంకో టర్నర్ ఆ కాగితం చదివి, అందులో ఉన్నది ఉన్నట్టు చేసి చూపించాలి.

"చేతులు కట్టుకోమంటే కట్టుకుంటాను. నోరెలా కట్టుకోనండీ?" అని అడిగాడు మదార్ సాహెబ్. ఆటోనగర్‌లో ఆయన నోటికి ఉన్న పేరు ఆయన లేతుకి లేదు.

కాగితం చదివి చెయ్యడానికి ఇశ్రాయేలు గారు స్టీఫెన్‌ని ఎంచారు. స్టీఫెన్‌కి నలభై ఏళ్లుంటాయి, చెయ్యి శుభ్రమైన చెయ్యి. ఒకటే గుణం. చెప్పింది చెప్పినట్టు చేస్తాడు, చెప్పనిది ప్రాణం మీదకొచ్చినా చెయ్యడు. ఒకసారి "షాపుకి తాళం వేసి వెళ్లు" అంటే, లోపల ఇశ్రాయేలు గారు కాగితాలు చూసుకుంటూ ఉండగానే షట్టరు దించి తాళం వేసి వెళ్లిపోయాడు. అడిగితే, "తాళం వెయ్యమన్నారు గానీ, మీరు లోపలున్నానని చెప్పలేదు కదండీ" అన్నాడు. ఇంతకంటే సరైన పరీక్ష కంపెనీ వాళ్లు కూడా పెట్టలేరు.

కంపెనీ పంపిన వస్తువు బేరింగు కూర్చునే గూడు. అడుగున చదరపు పలక, దాని మీద గ్లాసులా గుండ్రంగా లేచిన పలచటి గోడ. అంతా అల్యూమినియం పోత. లోపలి గుండ్రం వెంట్రుకవాసి తేడా లేకుండా రావాలి, అప్పుడే బేరింగు దిగుతుంది. పోతలు రెండే రెండు పంపారు. ఒకటి పాడు చేసుకోవడానికి, ఒకటి పాడు చెయ్యకుండా ఉండడానికి.

మదార్ సాహెబ్ రెండు సబ్బులు చెక్కాడు, మనవరాలి నోటు పుస్తకంలోంచి కాగితం చింపాడు, ఎనిమిది పనులు వరసగా తెలుగులో రాశాడు. అయిదో తరగతితో ఆగిన చదువు. అక్షరాలు కొంచెం పక్కకి ఒరిగి నడుస్తాయి గానీ, అర్థం నిటారుగానే ఉంది. అడుగు పలక చదరంగా ఉంది కాబట్టి మూడు దవడల పట్టుకి కుదరదు, గుండ్రటి గోడ దగ్గరే పట్టుకోవాలి. ముందు అడుగు చదును చెయ్యాలి. నాలుగు మూలల బెజ్జాలు ఆఖర్న. మధ్యలో బోరు, అంటే లోపలి గుండ్రం. రాసిన కాగితం వజీరాకి చదివి వినిపించి, "ఇది చదివితే నువ్వు కూడా చేసెయ్యొచ్చు" అన్నాడు.

"నేను చేస్తే మరి మీకెందుకు కుర్చీ?" అంది వజీరా.

గురువారం నాడు సాధన పెట్టుకున్నారు. స్టీఫెన్ కాగితాన్ని యంత్రానికి అంటించి, పెద్దగా చదువుతూ ఒక్కో పనీ చేశాడు. మదార్ సాహెబ్ షాపు అరుగు మీద కూర్చుని జేబురుమాలు నోట్లో కుక్కుకున్నాడు. ఎనిమిది పనులూ సాఫీగా అయ్యాయి. యంత్రం మీద ఉండగా గేజి పెట్టి చూస్తే భేషుగ్గా ఉంది. గేజి అంటే రెండు కొనలున్న గుండ్రటి ఉక్కు కడ్డీ. ఒక కొన బోరులోకి దిగాలి, రెండో కొన ఎంత నెట్టినా దిగకూడదు. మొదటి కొన వెన్నలో వేలు దిగినట్టు దిగింది. స్టీఫెన్ ముక్కని ఊడదీసి బల్ల మీద పెట్టాడు. కాసేపాగి ఇశ్రాయేలు గారు ముచ్చటపడి మళ్లీ గేజి పెట్టారు.

దిగలేదు.

తిప్పి పెట్టారు. దిగలేదు. మదార్ సాహెబ్ రుమాలు ఉమ్మేసి లేచొచ్చి తనే పెట్టాడు. ఉహూఁ. వెర్నియర్‌తో కొలిస్తే గుండ్రం గుండ్రంగా లేదు. మూడు చోట్ల ఉబ్బి, మూడు చోట్ల నొక్కుకుని, ఉండీ లేనట్టు ముక్కోణం వచ్చింది. పైగా బోరు మొత్తంగా కాస్త ఇరుకైంది.

"ఏం చేశావురా?" అన్నాడు మదార్ సాహెబ్.

"రాసింది చేశాను భాయ్."

"ఇలాంటివి నా చేత్తో వెయ్యి చేశాను. ఒక్కటి ఇలా రాలేదు."

"నీ చెయ్యి కాగితంలో లేదుగా భాయ్. కాగితంలో ఉన్నది చేశాను."

ఆ మాటలో వంకర లేదు. స్టీఫెన్ మాటల్లో ఎప్పుడూ వంకర ఉండదు, అందుకే అది మదార్ సాహెబ్‌కి మరీ లోతుగా తగిలింది. ఇశ్రాయేలు గారు పాడైన గూడుని చేతిలో తిప్పుతూ, "శనివారం దాకా టైముందిలే. కానీ మదారూ, హైదరాబాద్ అతనికి రేపు సాయంత్రానికి ఏదో ఒకటి చెప్పాలి" అన్నారు. అంటే కుర్చీ ఇంకా ఎవరిదీ కాదు.

ఆ సాయంత్రం మదార్ సాహెబ్ మగ్రిబ్ నమాజు చేసుకుని వచ్చి, అరుగు మీద లైటు కింద కూర్చుని కొత్త సబ్బు విప్పాడు. ఎప్పుడూ ఉండే కబుర్లు లేవు. వజీరా గడప మీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఓరగా చూస్తోంది. సబ్బు చెక్కాడు. బెజ్జం తవ్వాడు. చూశాడు, గుండ్రంగా ఉంది. ఇంకోటి చెక్కాడు. అదీ గుండ్రంగానే ఉంది. తన చేత్తో చేస్తే ఎందుకు బాగా వస్తోంది, కాగితం చేస్తే ఎందుకు రావడం లేదు? రాయనిది ఏముంది? ఎనిమిది పనులూ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. ఎనిమిదే ఉన్నాయి.

అప్పుడే పక్కింటి శౌరమ్మ గిన్నె పట్టుకుని వచ్చింది. ఆవిడకి అరవై ఎనిమిదేళ్లు. వీధిలో ఎవరింట్లో ఏం ఉడుకుతోందో, ఎందుకు ఉడుకుతోందో, ఉప్పు సరిపోయిందో లేదో తెలియకపోతే ఆవిడకి అన్నం సహించదు. గిన్నె ఉత్త సాకు. మదార్ సాహెబ్ మొహం వాడిపోయి బస్సు దిగడం చూసి, నమాజు అయ్యేదాకా ఎదురుచూసి మరీ వచ్చింది.

"ఏం తమ్ముడూ, సబ్బుకి పాఠం చెప్తున్నావా, సబ్బు దగ్గర నేర్చుకుంటున్నావా?"

"రా అక్కా, కూర్చో. ఇవాళ అడక్కు."

"అడక్కపోతే ఎందుకొచ్చినట్టు?" అని చీర సర్దుకుని మెట్టు మీద బైఠాయించింది. కాసేపు చూసింది. ఆవిడ ఊరుకునేది మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల్లో కళ్లు మాత్రం ఊరుకోవు.

"ఆఖరి గీతకి ముందు వేళ్లు ఎందుకు వదులుతున్నావు తమ్ముడూ?"

"ఏ వేళ్లు?"

"ఎడం చేతివి. బెజ్జం తవ్వేటప్పుడు సబ్బుని గట్టిగా బిగించి పట్టుకున్నావు. ఆఖర్న చాకుతో నున్నగా గీసే ముందు పట్టు కొంచెం సడలించావు. ఇందాకటి దానికీ అంతే చేశావు. సబ్బు జారుతుందేమోనని భయపడి చస్తున్నా."

"నేనేం వదల్లేదు."

"అయ్యో రామచంద్రా, నా కళ్లెదురుగా వదిలి వదల్లేదంటాడేంటమ్మా వజీరా!"

"వదుల్తారు," అంది వజీరా ఈనె తీస్తూనే. "ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నా. నా చేతికి గాజులు తొడిగేటప్పుడూ అంతే. మణికట్టు దాకా నొక్కి పట్టుకుంటారు, ఎముక దగ్గరకొచ్చాక వదిలేసి నెమ్మదిగా తోస్తారు. ఒక్క గాజు పగల్లేదు."

మదార్ సాహెబ్ ఇంకో సబ్బు తీశాడు. ఈసారి మనసు ఎడం చేతి మీద పెట్టాడు. బెజ్జం తవ్వాడు. వేళ్లు బిగిసి ఉన్నాయి. ఆఖరి గీత దగ్గరికి రాగానే, ఆయన చెప్పకుండానే, ఎవరో చెప్పినట్టు, వేళ్లు సడలాయి. ఆయన వాటిని చూసి తెల్లబోయాడు. తన చేతులు తనకి చెప్పకుండా ముప్ఫై నాలుగేళ్లుగా ఒక పని చేస్తున్నాయి.

మళ్లీ చేసి చూశాడు. ఈసారి పట్టుదలగా వేళ్లు సడలించలేదు. బిగించి పట్టుకునే నున్నగా గీశాడు. చేతిలో ఉన్నంతసేపూ గుండ్రంగానే ఉంది. వదలగానే పలచటి సబ్బు గోడ వేళ్లు నొక్కినచోట తిరిగి లేచింది, గుండ్రం వంకరపోయింది. మూడు వేళ్లు, మూడు దవడలు. అదే ముక్కోణం.

"దొరికింది!" అని ఆయన కేక పెడితే ఎదురింటి డాబా మీద ఆరేసిన బట్టలు తీస్తున్న మనిషి కూడా తొంగిచూసింది. "పలచటి గోడని గట్టిగా పట్టుకుని గుండ్రం కోస్తే, పట్టు వదలగానే తిరగబడుతుంది. నేను లేతు మీద కూడా ఆఖరి కోతకి ముందు చక్ వదులు చేస్తాను. చేస్తానని నాకే తెలీదు!"

"అడక్కపోతే ఎందుకొచ్చినట్టు అన్నానా లేదా?" అంది శౌరమ్మ.

"ఉండక్కా, కదలకు. నా చేతులు ఇంకేం దొంగపనులు చేస్తున్నాయో చూడు. నేను చెక్కుతాను, మీరిద్దరూ కనిపెట్టి చెప్పండి."

ఇద్దరు ఆడవాళ్లు చెరో వైపు చేరారు. చిక్కుడుకాయల జల్లెడ పక్కకి పోయింది. ముక్కని తిప్పి పట్టుకునే ముందు పంచె చెంగుతో తుడుస్తున్నాడని శౌరమ్మ పట్టింది. అంటే చక్ దవడల మధ్య కోతకి రాలిన పొట్టు లేకుండా తుడవాలి. రాసుకున్నాడు. అడుగు మీద గోరుతో ఒకసారి గీరి చూస్తున్నాడని వజీరా పట్టింది. అంటే చదును వచ్చిందో లేదో చూడాలి. రాసుకున్నాడు. బెజ్జం తవ్వడం అయ్యింది.

"వజీరా, టీ," అన్నాడు మదార్ సాహెబ్.

వజీరా లేవలేదు. "ఇదీ రాసుకోండి."

"టీయా?"

"గుంట తవ్వాక టీ అడుగుతారు. నున్నగా గీసేది టీ తర్వాతే. ఏ రోజైనా ఇంతే. టీ రాకముందు ఆఖరి గీత గీసిన రోజు నాకు గుర్తు లేదు."

మదార్ సాహెబ్ నవ్వబోయి ఆగాడు. షాపులో కూడా అంతేనని గుర్తొచ్చింది. ముతకగా కోసేశాక లేతు ఆపి టీకి వెళ్తాడు, వచ్చాకే ఆఖరి సన్నకోత. అలా ఎందుకంటే, పని నేర్పిన బందరు మేస్త్రీ అలా చేసేవాడు. "రఫ్ కొట్టావా? టీ తాగి రా" అనేవాడు. ముతకకోతకి అల్యూమినియం పెనంలా వేడెక్కుతుంది. వేడిలో ఉబ్బిన ముక్కని కొలతకి సరిగ్గా కోస్తే, చల్లారాక బోరు బిగుస్తుంది. టీ తాగి వచ్చేసరికి ముక్క చల్లారి ఉంటుంది.

"ముసలాయనకి టీ పిచ్చనుకున్నానే ఇన్నాళ్లూ!" అన్నాడు. "చెప్పి చావొచ్చు కదా, ముక్క చల్లారడానికి అని!"

"ఆయనకీ తెలీదేమో తమ్ముడూ. ఆయన గురువుకి టీ పిచ్చేమో," అంది శౌరమ్మ. అంతటితో ఆగక, "ఇంతకీ నాకు టీ ఉందా లేదా?" అంది.

ఎనిమిది పనులు పద్నాలుగయ్యాయి. తొమ్మిదోది దగ్గర మదార్ సాహెబ్ కలం కాసేపు ఆగింది. ఏమని రాయాలి? స్టీఫెన్ రాసిందే చేస్తాడు. చేతులకి అలవాటైనట్టే రాద్దామని, 'టీ తాగాలి' అని రాసేశాడు. మర్నాడు పొద్దున్నే ఆ కాగితం ఇశ్రాయేలు గారి ముందు పెట్టి, "హైదరాబాద్ అతనికి ఆదివారం దాకా ఏం చెప్పొద్దండి" అన్నాడు. ఇశ్రాయేలు గారు తొమ్మిదోది చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివి, కాగితం స్టీఫెన్ చేతికిచ్చారు.

శనివారం పదకొండింటికి కంపెనీ నుంచి ఏంజెల్ అనే ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. ముప్ఫై దాటని పిల్ల. జుట్టు గట్టిగా ముడేసి, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో కంపెనీ గేజి.

"షీటు రాసింది ఎవరండీ?"

మదార్ సాహెబ్ చెయ్యెత్తాడు. నోట్లో అప్పటికే రుమాలు ఉంది.

స్టీఫెన్ రెండో పోతని అందుకున్నాడు, మిగిలింది అదొక్కటే. ఒకటి, రెండు, మూడు. పాఠం అప్పజెప్పినట్టు చదువుతూ, చదివింది చేస్తూ పోయాడు. పొట్టు తుడిచాడు. అడుగు గోరుతో గీరి చూశాడు. తిప్పి బిగించాడు. ఎనిమిదో పని, ముతక బోరు. అల్యూమినియం తీగలు తీగలుగా రాలింది.

"తొమ్మిది," అని చదివాడు స్టీఫెన్. "టీ తాగాలి."

యంత్రం ఆపాడు. చేతులు తుడుచుకున్నాడు. నిలబడ్డాడు.

ఏంజెల్ ఎదురుచూసింది. "ఏమైందండీ? ఆగిపోయారేం?"

"టీ రాలేదండీ."

"టీ తర్వాత తాగొచ్చు. ముందు పని కానివ్వండి."

"పదోది తర్వాతండీ. తొమ్మిదోది టీ."

రోజూ ఆ వేళకి షాపు ఎదురుగా ఉండే మణెమ్మ టీ బండి ఆ రోజు లేదు. కోడలికి సీమంతమని ముందురోజే చెప్పి వెళ్లింది. ఆ సంగతి అందరికీ గుర్తొచ్చింది, మదార్ సాహెబ్‌కి అందరికంటే ముందు గుర్తొచ్చింది. అరుగు మీద ఆయన రెండు చేతులూ గాల్లో ఆడించాడు. రుమాలు తియ్యబోయాడు. ఏంజెల్ చూపుడువేలు ఊపింది. మళ్లీ కుక్కుకున్నాడు. స్టీఫెన్ కాగితం వైపు చూస్తూ స్తంభంలా నిలబడే ఉన్నాడు. పాలూ పంచదార ఉన్న గది తాళంచెవి ఇంట్లో మరిచిపోయిన ఇశ్రాయేలు గారు, అరవై ఆరేళ్ల వయసులో చేతిలో ఫ్లాస్కుతో ఎండలోకి పరిగెత్తారు.

ఆయన రెండు వీధులవతల నుంచి టీ తెచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. స్టీఫెన్ గ్లాసు అందుకుని, నింపాదిగా ఊదుకుంటూ, చివరి చుక్కదాకా తాగాడు. కాగితంలో సగం తాగాలని లేదు. ఏంజెల్ కూడా గ్లాసు పట్టుకుని, ఏమీ తోచక చక్‌లో ఉన్న ముక్క మీద చెయ్యి వేసింది. వేసి అలాగే ఉంచేసింది.

"ఇందాక సెగ కొట్టింది," అంది. "ఇప్పుడు చల్లగా ఉంది."

అరుగు మీద మదార్ సాహెబ్ తల పైకీ కిందకీ ఊపాడు. ఊపొద్దని షరతులో లేదు.

"పది," అన్నాడు స్టీఫెన్. "చక్ బిగించే కీని పావు చుట్టు వెనక్కి తిప్పాలి. గాజు తొడిగేటప్పుడు ఆడమనిషి చెయ్యి పట్టుకున్నంత పట్టు ఉంటే చాలు." చదివి కొంచెం సిగ్గుపడ్డాడు, పావు చుట్టు తిప్పాడు. తర్వాత సన్నకోత, తర్వాత అంచులు, తర్వాత నాలుగు మూలల బెజ్జాలు. పద్నాలుగో పని, "ఊడదీసి బల్ల మీద పెట్టాలి." పెట్టాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

ఏంజెల్ తన గేజి తీసింది. మదార్ సాహెబ్ అరుగు మీంచి దిగాడు. పిక్కలు లాగుతున్నా నిలబడ్డాడు. గేజి మొదటి కొన బోరు అంచున ఆనింది, ఆగింది. ఏంజెల్ నెట్టలేదు, ఊరికే వదిలింది. తన బరువుకి తనే, నెమ్మదిగా, అడుగు దాకా దిగిపోయింది. తీసి రెండో కొన పెట్టింది. నెట్టింది. ఇంకా నెట్టింది. దిగలేదు.

"పాసు," అంది.

"మాట్లాడవయ్యా ఇక!" అన్నారు ఇశ్రాయేలు గారు.

మదార్ సాహెబ్ నోట్లోంచి రుమాలు తీశాడు. మూడు గంటలు బిగబట్టిన మాటలన్నీ ఒకేసారి తోసుకొచ్చి ఏదీ ముందుకి రాలేదు. "టీ ఏమన్నా మిగిలిందా?" అన్నాడు.

కాగితం ఫోటో తీసుకుంటూ ఏంజెల్ అంది, "ఈ తొమ్మిదోది మాత్రం మారుద్దామండీ. 'ఇరవై నిమిషాలు చల్లారనివ్వాలి' అని రాద్దాం. మా ఆఫీసులో నవ్వుతారు."

అడక్కుండా ఏనాడూ మాట్లాడని స్టీఫెన్ అప్పుడు మాట్లాడాడు. "అలా రాస్తే ఎవరూ ఆగరండీ. ఇరవై నిమిషాలు ఊరికే నిలబడే మనిషి ఆటోనగర్‌లో లేడు. టీ అని ఉంటేనే ఆగుతారు."

ఏంజెల్ ఆలోచించింది. 'ఇరవై నిమిషాలు చల్లారనివ్వాలి' అని రాసి, దాని కింద 'టీ తాగాలి' అన్నది అలాగే ఉంచింది.

ఆ సాయంత్రం భవానీపురంలో ఈ వార్త బస్సు కంటే ముందే చేరింది. శౌరమ్మ ఖాళీ గిన్నె కూడా లేకుండానే వచ్చి గడపలో కూర్చుంది. గేజి ఎలా దిగింది, ఆ పిల్లకి పెళ్లయ్యిందా, ఇశ్రాయేలు గారు పరిగెడితే ఆయాసం రాలేదా, అన్నీ అడిగి, "అయితే ఆ కుర్చీకి చేతులున్నాయా, లేవా?" అని ముగించింది.

"చూళ్లేదక్కా."

"కుర్చీ కోసం ఇంత చేసి చూళ్లేదంటాడు!"

ఉన్నాయి. సోమవారం పొద్దున చూశాడు. చేతులున్న కుర్చీ, మెత్త వేసిన వెన్ను, ముందు టేబుల్. టేబుల్ మీద కాగితాల దొంతర, రెండు పెన్సిళ్లు, పక్కన అట్టపెట్టెలో ఒక డజను బట్టల సబ్బులు. పెట్టె మీద ఇశ్రాయేలు గారి చేతిరాత, 'ప్లానింగు సామాను. ఇంటికి పట్టుకెళ్లరాదు.' ఇక మీదట వజీరా సబ్బు సబ్బులాగే అరగొచ్చు.

కొత్త డ్రాయింగు వచ్చింది. ఏదో మడత పైపుకి మూత. మదార్ సాహెబ్ సబ్బు అందుకుని, చాకు తీసి, మొదటి కోత ఎక్కడ వెయ్యాలా అని మునిగిపోయాడు. పావుగంట తర్వాత లేతు దగ్గర నుంచి స్టీఫెన్ తిరిగి చూశాడు. కుర్చీ ఖాళీగా ఉంది. దాని పక్కనే, కిటికీకి ఎదురుగా, మదార్ సాహెబ్ రెండు కాళ్ల మీద నిటారుగా నిలబడి సబ్బు చెక్కుతున్నాడు.

"భాయ్," అన్నాడు స్టీఫెన్.

"ఊఁ?"

"నీ షీటులో కూర్చోవాలి అని రాసుకోలేదా?"

మదార్ సాహెబ్ కిందకి చూసుకున్నాడు. ముప్ఫై నాలుగేళ్లుగా కాళ్లు కూడా ఆయనకి చెప్పకుండానే పని చేస్తున్నాయి. పెన్సిల్ తీసి, కొత్త కాగితం మీద అన్నిటికంటే పైన, ఒకటి అని అంకె వేసి, 'ముందు కూర్చోవాలి' అని రాశాడు. రాసి, ఆ పని పూర్తి చేశాడు.